జపాన్ సీడీ వచ్చింది, కొసరు రాలేదు

జపాన్‌లో సంగీతం సీడీ కొన్నవారి చేతికి సీడీ ఒక్కటే రాదు. దాంతోపాటు పోస్టరో, క్లియర్ ఫైల్ అనే ప్లాస్టిక్ ఫోల్డరో, గాయకుల ఫోటోనో, కచేరీ టికెట్ల లాటరీలో పేరు నమోదు చేసుకునే కోడో వస్తుంది. వీటిని అక్కడ తోకుతెన్ అంటారు. మన బజారు మాటలో కొసరు. అదే సీడీని అదే ధర పెట్టి, పైన పోస్టు ఖర్చు కూడా భరించి హైదరాబాద్‌కో డాలస్‌కో తెప్పించుకున్న అభిమానికి చాలాసార్లు ఉత్త సీడీయే అందుతుంది. ఎక్కువ ఖర్చు పెట్టినవారికి తక్కువ దక్కడం ఏం న్యాయం? ఆ బాధ నిజమైనదే. అయితే ఈ నష్టంలో చాలా భాగం కాస్త జాగ్రత్తపడితే తప్పేదే. తప్పించుకోలేని భాగం ఏదో ముందే తెలిస్తే దాని కోసం డబ్బు పోగొట్టుకునే పని ఉండదు.

అక్కడి షాపులు ఇంత ధారాళంగా కొసరు ఎందుకిస్తాయి? కొత్త సీడీని ఏ ధరకు అమ్మాలో తయారీ సంస్థే నిర్ణయించే వీలు జపాన్ చట్టంలో ఉంది. 1953లో గుత్తాధిపత్య నిరోధక చట్టాన్ని సవరించినప్పుడు పుస్తకాలు, పత్రికలతోపాటు రికార్డులకూ ఈ మినహాయింపు దొరికింది. తర్వాత సీడీలకూ అదే వర్తించింది. 2001లో అక్కడి ఫెయిర్ ట్రేడ్ కమిషన్ ఈ పద్ధతిని ప్రస్తుతానికి కొనసాగనివ్వాలని తేల్చింది. ధర తగ్గించి జనాన్ని పిలవలేని షాపు కొసరు చూపించి పిలుస్తుంది. టవర్ రికార్డ్స్‌లో కొంటే ఒక బొమ్మ, హెచ్ఎంవీలో కొంటే ఇంకో బొమ్మ, అనిమేట్‌లో మూడో బొమ్మ. ఈ పోటీ అంతా దేశం లోపలి షాపుల మధ్యదే. బయటి దేశపు కొనుగోలుదారు అందులో లెక్కకు రాడు. కావాలని ఎవరూ అతన్ని దూరం పెట్టడం లేదు. ఆ ఏర్పాటులో అతనికి చోటు లేదు, అంతే. కనుక అతను తన దారి తానే వేసుకోవాలి.

1. ముందు కొసరు ఏ రకానిదో తేల్చుకోవాలి

ఈ ఒక్క పనీ సరిగ్గా చేస్తే మిగతావన్నీ తేలికవుతాయి. కొసర్లు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది డబ్బా లోపలి కొసరు. ఫోటో కార్డు, చిన్న పుస్తకం, అదనపు డీవీడీ వంటివాటిని ఫ్యాక్టరీలోనే సీడీతో కలిపి పైన ప్లాస్టిక్ పొర చుట్టేస్తారు. షాపుల పేజీల్లో దీన్ని ఫూన్యూ తోకుతెన్ అని రాస్తారు. రెండోది షాపువాళ్లు విడిగా చేతికిచ్చేది. పోస్టర్, క్లియర్ ఫైల్, పోస్టుకార్డు, గుండ్రటి బ్యాడ్జీ ఈ కోవలోకి వస్తాయి. దీన్ని సెన్‌చాకు తోకుతెన్ అంటారు. ముందొచ్చినవారికే ఇస్తారు, అదీ ఉన్నంతవరకే. మూడోది అసలు వస్తువే కాదు, ఒక హక్కు. కరచాలన కార్యక్రమానికి ప్రవేశం, కచేరీ టికెట్ల లాటరీకి కోడ్, సంతకం చేసిన పోస్టర్ కోసం పంపే దరఖాస్తు కూపన్ ఈ రకానివి.

సరైన ఎడిషన్ కొంటే మొదటి రకం ప్రపంచంలో ఎక్కడికైనా వస్తుంది. రెండో రకం రావడమూ రాకపోవడమూ ఏ షాపులో, ఏ పేజీ నుంచి, ఎప్పుడు కొన్నారన్నదాని మీద ఉంటుంది. మూడో రకం సముద్రం దాటి వచ్చినా చాలాసార్లు పనికిరాదు. విదేశీ అభిమానుల నిరాశ చాలావరకు ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్ల పుట్టేదే. మూడో రకం కోసం డబ్బు కుమ్మరిస్తారు, రెండో రకం రాలేదని దిగులుపడతారు, ఈ లోపు సులభంగా దక్కే మొదటి రకాన్ని అజాగ్రత్తతో వదులుకుంటారు.

2. ఎడిషన్ పేరును అక్షరం అక్షరం చదవాలి

ఒకే ఆల్బం రెండు మూడు రూపాల్లో రావడం జపాన్‌లో మామూలే. షోకై గెంతేయ్‌బాన్ అంటే మొదటి విడతకే పరిమితమైన ఎడిషన్. త్సూజోబాన్ అంటే ఎప్పటికీ దొరికే మామూలు ఎడిషన్. కాన్‌జెన్ సేయ్‌సాన్ గెంతేయ్‌బాన్ అని ఉంటే ముందు అనుకున్నన్ని మాత్రమే తయారుచేసి ఆపేస్తారు. కికాన్ సేయ్‌సాన్ గెంతేయ్‌బాన్ అని ఉంటే తయారీకి ఒక గడువు పెట్టుకున్నారని అర్థం.

అభిమానులు తరచూ పడే గొయ్యి ఇవేవీ కాదు. మామూలు ఎడిషన్‌లో కూడా తొలి ముద్రణ ప్రతులకు మాత్రమే ఫోటో కార్డు పెట్టే అలవాటుంది. దాన్ని షోకై షియో అంటారు. విజయవాడలో ఒక విద్యార్థి ఆల్బం విడుదలైన ఆరు నెలలకు మామూలు ఎడిషన్ తెప్పించుకున్నాడనుకుందాం. అట్ట అదే, పాటలు అవే, ధర అదే, కార్డు మాత్రం లేదు. షాపు మోసం చేసిందా? లేదు. తొలి ముద్రణ అయిపోయి తర్వాతి ముద్రణ ప్రతి వచ్చింది. ఇలాంటి ఆల్బంను విడుదలకు ముందే ఆర్డర్ చేయడం ఒక్కటే మందు. ఆలస్యమైతే, కొనేముందు తొలి ముద్రణ ప్రతేనా అని షాపును రాతపూర్వకంగా అడగాలి.

సీడీ వెన్నుమీదా, పక్కన చుట్టిన ఓబి అనే కాగితపు పట్టీ మీదా అక్షరాలూ అంకెలూ కలిసిన కేటలాగ్ నంబర్ ఒకటి ఉంటుంది. సాధారణంగా ఎడిషన్ మారితే ఈ నంబర్ మారుతుంది. జపనీస్ చదవలేనివారికి ఇంతకంటే నమ్మకమైన ఆనవాలు లేదు. అధికారిక సైట్‌లో ఆ నంబర్ చూసి రాసుకుని, కొనే పేజీలో ఉన్నది అదేనా అని సరిచూసుకోవాలి. అనువాద యంత్రం "పరిమిత", "ప్రత్యేక", "తొలి" వంటి మాటల్ని కలగాపులగం చేస్తుంది. నంబర్‌ను చేయలేదు.

3. అదనపు డిస్క్ ఇంట్లో ఆడుతుందో లేదో చూసుకోవాలి

పరిమిత ఎడిషన్‌కు ఎక్కువ ధర ఉండేది చాలాసార్లు అందులోని వీడియో డిస్క్ వల్లే. మ్యూజిక్ సీడీకి ప్రాంతాల తేడా లేదు, ఎక్కడైనా ఆడుతుంది. వీడియో డిస్కులకు మాత్రం ప్రాంతపు కోడ్ ఉంటుంది. డీవీడీల్లో జపాన్‌ది 2, ఇండియాది 5, అమెరికాది 1. బ్లూరేల్లో జపాన్, అమెరికా రెండూ ఏ, ఇండియా సీ. అంటే డాలస్‌లో ఉన్న అభిమానికి జపాన్ బ్లూరే ఇబ్బంది పెట్టదు, డీవీడీ మొరాయించవచ్చు. గుంటూరులో ఉన్న అభిమానికి రెండూ మొరాయించవచ్చు. కోడ్ పెట్టకుండా వదిలేసిన డిస్కులూ ఉంటాయి గనుక ఉత్పత్తి వివరాల్లో చూడాలి. అన్ని ప్రాంతాల డిస్కులూ ఆడించే ప్లేయర్ ఇంట్లో లేనప్పుడు బ్లూరే ఉన్న ఎడిషన్, డీవీడీ ఉన్న ఎడిషన్ రెండూ కొనడం శుద్ధ దండగ.

4. షాపును ఎంచుకున్నాకే ఆర్డర్ పెట్టాలి

విడుదల దగ్గరపడుతున్నప్పుడు గాయకుల అధికారిక సైట్‌లో షాపుల వారీగా కొసర్ల జాబితా వేస్తారు. టవర్ రికార్డ్స్, హెచ్ఎంవీ, త్సుతాయా, అమెజాన్ జపాన్, రకుతెన్ బుక్స్, సెవెన్ నెట్, అనిమే పాటలైతే అనిమేట్, ఇలా వరసగా పేర్లుండి, ఒక్కోదాని పక్కన ఒక్కో వస్తువు కనిపిస్తుంది. చివర "ఇతర షాపులు" అన్న ఉమ్మడి వరస కూడా ఉండవచ్చు. బొమ్మలు ఒక్కోసారి జాబితా వచ్చిన చాలా రోజులకు గానీ బయటపెట్టరు. ఆత్రంగా మొదటి రోజే ఏదో ఒక షాపులో ఆర్డర్ పెట్టి, బొమ్మలు చూశాక ఇంకో షాపులో మళ్లీ కొనేవారు ఎందరో.

ఇక్కడ రెండు పొరపాట్లు మళ్లీ మళ్లీ జరుగుతాయి. మొదటిది అమెజాన్ జపాన్‌లో. ఒకే సీడీకి అక్కడ రెండు పేజీలుండటం పరిపాటి: ఒకటి కొసరుతో, ఒకటి కొసరు లేకుండా. మెగా జాకెట్ అనే పెద్ద అట్టబొమ్మ ఇచ్చే పేజీ శీర్షికలో ఆ మాట స్పష్టంగా రాసి ఉంటుంది. వెతికినప్పుడు మొదట కనిపించిన పేజీ మీద నొక్కేసేవారికి ఉత్త సీడీ వస్తుంది. అది ఫిర్యాదు చేసినా తీరేది కాదు. రెండోది, జపాన్ షాపు గొలుసు పేరు చూసి ప్రతి శాఖలోనూ, ఆన్‌లైన్‌లోనూ కొసరు ఉంటుందనుకోవడం. కొన్ని శాఖలను మినహాయించామని జాబితా కింద చిన్న అక్షరాల్లో రాస్తారు. ఆ చిన్న అక్షరాలు చదవడానికి పట్టే సమయం వృథా కాదు.

విదేశాలకు నేరుగా పంపే షాపుల్లో సీడీజపాన్ పేరున్నది. ఇంగ్లిష్‌లో నడుస్తుంది, చాలా దేశాలకు పంపుతుంది. కొసరు ఉన్నప్పుడు ఆ విషయం ఉత్పత్తి పేజీలోనే రాస్తుంది. రాయకపోతే లేదనే అనుకోవాలి. టవర్ బొమ్మే కావాలి, అనిమేట్ బొమ్మే కావాలి అన్న పట్టుదల లేనివారికి ఇంత కంటే తలనొప్పి తక్కువ దారి దొరకదు. కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారు ఇక్కడ ఒకటి రెండు ఆర్డర్లు వేసి చేయి తిరిగాక మిగతా దారుల జోలికి వెళ్లడం మంచిది.

5. గడువును ఇంటి గడియారంలోకి మార్చి రాసుకోవాలి

కొన్ని కొసర్లు ఫలానా తేదీలోపు ముందస్తు ఆర్డర్ పెట్టినవారికే. గడువు రాత్రి 23:59 అని రాస్తే అది జపాన్ సమయం. ఇండియాలో అప్పటికి రాత్రి 8:29. అమెరికాలో డాలస్ వంటి చోట్ల వేసవిలో అదే రోజు ఉదయం 9:59, చలికాలంలో ఇంకో గంట ముందే. ఆఫీసు నుంచి వచ్చాక తీరిగ్గా చేద్దామనుకున్నవారికి అప్పటికే తలుపు మూసుకుపోయి ఉంటుంది. జపాన్‌లో కొత్త సీడీలు ఎక్కువగా బుధవారం విడుదలవుతాయి. షాపుల్లోకి మంగళవారమే వచ్చేస్తాయి. పేరున్న బృందాల కొసర్లు ఆ రెండు రోజుల్లోనే అయిపోవడం వింత కాదు.

6. మధ్యవర్తికి మాటల్లో కాదు, రాతలో చెప్పాలి

జపాన్ షాపుల్లో చాలా భాగం విదేశాలకు పంపవు. కొన్ని విదేశీ కార్డులు కూడా తీసుకోవు. అప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి, తెన్సో వంటి సేవల దగ్గర జపాన్ చిరునామా తీసుకుని, షాపులో స్వయంగా కొని ఆ చిరునామాకు పంపించుకోవడం. రెండోది, జెన్‌మార్కెట్, బయీ వంటి మధ్యవర్తులకు లింకు ఇచ్చి వారిచేతే కొనిపించడం. షాపు కార్డును ఒప్పుకుంటే మొదటి దారే మేలు. కొసరు ఉన్న పేజీని, కొసరు కావాలని గడిలో పెట్టే టిక్కును కొనేవాళ్లే చూసుకుంటారు గనుక తప్పు జరిగే అవకాశం తక్కువ.

మధ్యవర్తి ద్వారా కొనేటప్పుడు లింకు ఒక్కటే పంపితే చాలదు. "కొసరు ఉన్న ఎడిషనే కావాలి, కొసరు అయిపోతే కొనవద్దు" అని ఆర్డర్ వివరాల్లో రాయాలి. కేటలాగ్ నంబర్, కొసరు పేరు కూడా జతచేయాలి. మధ్యవర్తి దగ్గర సరుకు కొన్నాళ్లు ఉచితంగా నిల్వ ఉంటుంది. నాలుగైదు సీడీలు చేరాక ఒకే పెట్టెలో కలిపి పంపించుకుంటే ఖర్చు తగ్గుతుంది. అయితే అలా కలిపేటప్పుడే షాపు వేసిన ప్యాకింగ్ విప్పుతారు. విడిగా పెట్టిన పోస్టుకార్డు అట్టపెట్టెతోపాటు చెత్తలోకి పోయే ప్రమాదం ఉండేది ఆ క్షణంలోనే. "లోపలి కాగితాలు, ఫైళ్లు ఏవీ పారేయవద్దు" అన్న ఒక్క వాక్యం చాలాసార్లు కాపాడుతుంది.

7. పెట్టె కొలతను ముందే ఊహించాలి

సీడీ డబ్బా బరువు సుమారు 100 గ్రాములు, పొడవు 14 సెంటీమీటర్లు. ఏ-4 క్లియర్ ఫైల్ బరువు లెక్కలోకి రానంత తక్కువ, పొడవు మాత్రం 31 సెంటీమీటర్లు. ఫైల్ మడతపడకుండా రావాలంటే పెట్టె పెద్దదవుతుంది. ప్రైవేటు కొరియర్లు పెట్టె పరిమాణాన్ని బట్టి కూడా ధర కడతాయి. జపాన్ పోస్టు వారి ఈఎంఎస్ అనే వేగపు సేవ అసలు బరువును బట్టి తీసుకుంటుంది. కనుక ఫైళ్లు, అట్టబొమ్మలు ఉన్నప్పుడు ఈఎంఎస్, ఉత్త సీడీలు ఉన్నప్పుడు ఏది చవకైతే అది.

పోస్టర్ సంగతి వేరు. బీ-2 పోస్టర్ అంటే 51.5 సెంటీమీటర్ల వెడల్పు, 72.8 సెంటీమీటర్ల ఎత్తు. దాన్ని గొట్టంలో చుట్టి పంపాల్సిందే. ఆ గొట్టానికయ్యే పోస్టు ఖర్చు సీడీ ధరను మించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. పోస్టర్ గోడకు వేలాడదీసే చోటు ఇంట్లో లేనప్పుడు ఆ ఖర్చు దేనికి? ఈ ప్రశ్న డబ్బు కట్టేముందు వేసుకోవాల్సినది.

8. కస్టమ్స్‌ను ఖర్చులో కలిపే లెక్క వేయాలి

ఇండియాకు వచ్చే పార్సెల్‌పై సుంకం పడుతుంది. "గిఫ్ట్" అని రాయిస్తే తప్పుతుందన్న నమ్మకం ఇంకా ఉంది. విదేశాల నుంచి పోస్టులో, కొరియర్‌లో వచ్చే కానుకలకు ఉన్న ఆ మినహాయింపును 2019 డిసెంబర్‌లోనే తీసేశారు. రాఖీలు, ప్రాణరక్షక మందులు మాత్రమే మిగిలాయి. పైగా కొన్న వస్తువును గిఫ్ట్ అని రాయించడం అబద్ధపు ప్రకటన. పట్టుబడితే పార్సెల్ ఆగిపోతుంది. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 22 యూరోలలోపు సరుకుకు ఉన్న వ్యాట్ మినహాయింపు 2021 జులై 1తో పోయింది. అమెరికాలో 800 డాలర్లలోపు పార్సెళ్లకు ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఆపేశారు. పాత అనుభవాన్ని నమ్ముకోకుండా, పార్సెల్ బయలుదేరే ముందు ఆనాటి నిబంధన చూసుకోవాలి.

9. హక్కుల వెంట పరుగు ఆపాలి

ఏకేబీ48 అనే అమ్మాయిల పాటల బృందం 2005లో టోక్యోలోని అకిహబారాలో మొదలై, సీడీతోపాటు కరచాలన టికెట్ ఇచ్చే పద్ధతిని దేశమంతా తెలిసేలా చేసింది. 2009 నుంచి 2018 వరకు అభిమానులు తమకు నచ్చిన సభ్యులను ఎన్నుకునేందుకు ఏటా జరిపిన ఎన్నికల్లో సింగిల్ సీడీలోని కోడ్‌తో ఓటు వేయించింది. ఒక్కో సీడీకి ఒక్కో ఓటు గనుక పదుల కొద్దీ సీడీలు కొన్నవారున్నారు. ఆ తర్వాత ఎన్నో బృందాలు ఇలాంటి హక్కులను సీడీలో పెట్టి అమ్ముతున్నాయి.

వీటిని విదేశం నుంచి వాడుకోవడం ఎందుకు కుదరదు? దరఖాస్తు గడువు చాలాసార్లు విడుదలైన కొద్ది రోజులకే ముగుస్తుంది. అప్పటికి పార్సెల్ ఇంకా దారిలో ఉంటుంది. టికెట్ లాటరీలు జపాన్ ఫోన్ నంబర్, జపాన్ చిరునామా అడుగుతాయి. గుర్తింపు కార్డు చూసి లోపలికి పంపే కచేరీలకు మరొకరి పేరు పనికిరాదు. డాలస్‌లో ఒక అభిమాని కోడ్ కోసం అదే సింగిల్‌ను మూడు రూపాల్లో ఐదేసి చొప్పున కొన్నదనుకుందాం. పదిహేను సీడీలు, పదిహేను కోడ్‌లు వస్తాయి. కోడ్ చెల్లాలంటే కావలసిన ఫోన్ నంబర్ ఒక్కటీ లేదు. ఆ డబ్బుతో జపాన్ ప్రయాణపు టికెట్‌లో కొంత భాగం వచ్చేది.

విదేశీయులకూ అవకాశం ఉందని అధికారిక సైట్ స్పష్టంగా రాస్తే తప్ప, కోడ్‌ను సున్నా విలువగా లెక్కేసి కొనాలా వద్దా అన్నది తేల్చుకోవాలి. అలా లెక్కేశాక కూడా కొనాలనిపిస్తే కొనవచ్చు. అప్పుడు కొంటున్నది పాటల్నే.

10. పోయిన కొసరును తర్వాత కొనుక్కోవచ్చు

చాలామంది విదేశీ అభిమానులు పట్టించుకోని దారి ఇది. హక్కుల కోసం ఒకే సీడీని పదేసి కొన్న జపాన్ అభిమానుల ఇళ్లలో అవే క్లియర్ ఫైళ్లు, అవే ఫోటోలు గుట్టలుగా మిగులుతాయి. వాటిని ఆన్‌లైన్‌లో మెర్కారీలోనూ యాహూ వేలంలోనూ అమ్మేస్తారు. సురుగాయా, మందారకే వంటి పాత సరుకు షాపుల్లో కొసర్లు విడిగా, పేరుతో సహా జాబితాలో దొరుకుతాయి. విడుదలైన వారంలో ఉన్న వేడి కొన్ని వారాలకు తగ్గుతుంది, దాంతోపాటు ధరా తగ్గుతుంది. మరీ అరుదైన వస్తువులకు మాత్రం ఇది వర్తించదు.

కనుక సీడీని తేలికైన దారిలో తెప్పించుకుని, నచ్చిన బొమ్మ ఒక్కటీ తర్వాత మధ్యవర్తి ద్వారా కొనుక్కోవడం చాలా సందర్భాల్లో చవక. ఐదు షాపుల ఐదు ఫైళ్ల కోసం ఐదు సీడీలు కొనేకంటే ఇది ఎంతో నయం. పాత సీడీ కొనేటప్పుడు మాత్రం వివరణ జాగ్రత్తగా చదవాలి. ప్లాస్టిక్ పొర విప్పారా, ఓబి ఉందా, లోపలి కార్డు ఉందా, కోడ్ వాడేశారా అన్నవి అమ్మేవారు సాధారణంగా నిజాయితీగానే రాస్తారు. "ఫోటోలో ఉన్నవే వస్తాయి" అన్న మాట కనిపిస్తే, ఫోటోలో లేనిది రాదనే అర్థం.

11. జపాన్ వెళ్లినప్పుడు సిగ్గుపడకుండా అడగాలి

షాపులో ఇచ్చే కొసరుకు పౌరసత్వం అడ్డు కాదు. షిబుయాలోని టవర్ రికార్డ్స్‌కు గానీ, ఇకెబుకురోలోని అనిమేట్‌కు గానీ నేరుగా వెళ్లి కొన్న విదేశీయుడికీ అదే పోస్టర్, అదే ఫైల్ ఇస్తారు. ప్రయాణం తేదీలు ఎటూ ఖరారు కానప్పుడు అభిమాన బృందం ఆల్బం విడుదలయ్యే బుధవారం చూసుకుని ఆ వారానికి పెట్టుకోవడం తెలివైన పని. కొసరు మిగిలి ఉందో లేదో షెల్ఫ్ దగ్గర చీటీ మీద రాసి పెడతారు. చీటీ కనిపించకపోతే డబ్బు కట్టేముందే కౌంటర్‌లో అడగాలి. పోస్టర్ ఇస్తే గొట్టం ఉందేమో కూడా అప్పుడే అడిగి కొనుక్కోవాలి. విమానంలో మడతపడకుండా తెచ్చుకునే బాధ్యత కొన్నవారిదే. నిల్వ అయిపోతే మాత్రం జపాన్ వాళ్లకైనా బయటివాళ్లకైనా సమాధానం ఒక్కటే: కొసరు లేదు, సీడీ ఉంది.